సెప్టెంబర్‌లో లేక్ పవెల్: చేప ఎంత లోతులో ఉందో చూసుకుని గాలం వేయడం

అమెరికాలో యూటా, అరిజోనా సరిహద్దు మీదున్న జలాశయం లేక్ పవెల్. సెప్టెంబర్ మొదటి వారంలో దాని పైనీరు 80 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు అటూ ఇటూగా ఉంటుంది. అక్టోబర్ వచ్చేసరికి 70 దగ్గరికి దిగుతుంది. నెలంతా చేపల వేటను నడిపించేది ఈ పది డిగ్రీల తేడాయే. ఆగస్టులో ఎవరికో బాగా పడ్డాయని విని, అదే చోటికి వెళ్లి, అదే లోతులో గాలం వేసి ఖాళీ చేతులతో వచ్చేవాళ్లు ఎక్కువ. చోటు అదే ఉంటుంది, చేప మాత్రం పైకో కిందికో జరిగి ఉంటుంది. కాబట్టి గాలం వేయకముందే థర్మామీటరు వేయండి. పడవలో ఫిష్ ఫైండర్ (శబ్ద తరంగాలతో నీటి కింది చేపల్ని తెర మీద చూపే పరికరం) ఉంటే ఆ అంకె తెర మీదే కనిపిస్తుంది.

ఫీనిక్స్ నుంచైనా లాస్ వేగస్ నుంచైనా పేజ్ ఊరికి నాలుగున్నర గంటల కారు దారి. లేబర్ డే (సెప్టెంబర్ మొదటి సోమవారం) సెలవులు దాటాక వెళ్లగలిగితే మేలు. పడవల రద్దీ ఒక్కసారిగా తగ్గుతుంది, చేపలు పైకి రావడమూ అప్పుడే మొదలవుతుంది.

నీళ్లు ఏం చేస్తున్నాయి

కొలరాడో నది మీద గ్లెన్ కాన్యన్ డ్యామ్ గేట్లు 1963లో మూశారు. లోయ నిండటానికి 1980 దాకా పట్టింది. నిండు మట్టం సముద్ర మట్టానికి 3,700 అడుగుల ఎత్తు. 2023లో అది 3,525 అడుగుల దిగువకు పడిపోయింది. నాగార్జునసాగర్, శ్రీశైలం చూసి పెరిగినవాళ్లకు ఇక్కడ ఒక విషయం తిరగబడి కనిపిస్తుంది. మన జలాశయాలకు వరద వచ్చేది ఆగస్టు, సెప్టెంబర్‌లలోనే. పవెల్‌కు నీళ్లు రాకీ పర్వతాల మంచు కరిగి మే, జూన్ నెలల్లో వస్తాయి. జులై నుంచి మట్టం తగ్గుతూ పోతుంది. అంటే సెప్టెంబర్‌లో మీరు దిగే సరస్సు రోజుకు కొంత చొప్పున కిందికి దిగుతున్న సరస్సు.

దీనివల్ల రెండు చిక్కులు. మొదటిది, నెల కిందట నాలుగు అడుగుల లోతున ఉన్న రాతి గుట్ట ఇప్పుడు నీటి పైపొరకు అడుగు కిందే ఉండొచ్చు. పాత జీపీఎస్ దారిని నమ్మి వేగంగా పోతే ప్రొపెల్లర్ విరుగుతుంది. రెండోది, సాయంత్రం ఇసుక ఒడ్డుకు ఎక్కించి కట్టిన పడవ పొద్దున్నకల్లా కూరుకుపోయి ఉంటుంది. రాత్రి పడుకునే ముందు ఒకసారి, తెల్లవారగానే ఒకసారి కాస్త నీళ్లలోకి నెట్టుకోవాలి. బయలుదేరే ముందు ఏ పడవ ర్యాంపులు తెరిచి ఉన్నాయో నేషనల్ పార్క్ సర్వీస్ పేజీలో చూసుకోండి. మట్టాన్ని బట్టి అవి మూతపడుతుంటాయి.

లోతు సంగతికొస్తే, వేసవి ఎండకు పైపొర వేడెక్కి తేలికపడి పైనే ఉండిపోతుంది, కింద చల్లనీరు విడిగా ఉంటుంది. ఈ రెండూ కలిసే చోట కొన్ని అడుగుల్లోనే వేడి గబుక్కున తగ్గుతుంది. ఫిష్ ఫైండర్‌లో సెన్సిటివిటీ పెంచితే ఆ పొర అడ్డంగా బూడిదరంగు చారలా కనబడుతుంది. ఆ చార ఎన్ని అడుగుల దగ్గర ఉందో రాసి పెట్టుకోండి. ఆ రోజు వేటకు అదే మీ కొలబద్ద.

ముందు షాడ్‌ను వెతకాలి

ఈ సరస్సులో గాలంతో సరదాగా పట్టే పెద్ద చేపలు ఎక్కువగా థ్రెడ్‌ఫిన్ షాడ్ అనే మేత చేప వెంట తిరుగుతాయి. మన పులసకు దగ్గరి చుట్టమే ఇది. వేలెడు పొడవు, వెండిరంగు, మందలుగా తిరుగుతుంది. 1968లో దీన్ని వదిలారు. దీన్ని తిని బతికే స్ట్రైప్డ్ బాస్‌ను 1974లో తెచ్చారు. అక్కడివాళ్ల మాటలో అది స్ట్రైపర్.

షాడ్‌కు వెచ్చని నీళ్లు పడతాయి. పెద్ద స్ట్రైపర్‌కు పడవు. 75 డిగ్రీలు దాటిన నీళ్లలో అది ఎక్కువసేపు ఉండలేదు. సెప్టెంబర్ వేట కీలకమంతా ఇక్కడే ఉంది. మేత పైన, తినేది కింద. పెద్ద చేప చల్లని పొరలో 30 నుంచి 60 అడుగుల లోతున కాచుకుని ఉండి, ఒక్క ఊపులో పైకొచ్చి నాలుగైదు నిమిషాలు తిని మళ్లీ కిందికి పోతుంది. నెలాఖరుకు పైనీరు 75 కన్నా కిందికి దిగాక ఆ తొందర ఉండదు. పైన ఉండే సమయం పెరుగుతుంది. ఏడాది రెండేళ్ల పిల్ల స్ట్రైపర్లకు ఈ ఇబ్బంది లేదు, అవి వేడి నీళ్లలోనూ తిరుగుతాయి. ఆగస్టు చివర్లో పైన పడేవన్నీ చిన్నవిగా ఉండటానికి కారణం అదే.

ఫిష్ ఫైండర్ తెర మీద షాడ్ మంద మబ్బు ముక్కలా ముద్దగా కనిపిస్తుంది. దాని కింద గానీ పక్కన గానీ విడివిడిగా పొడుగు గీతలు, వంపులు కనిపిస్తే అవి స్ట్రైపర్లు. మబ్బు ఒక్కటే ఉండి గీతలు లేకపోతే అక్కడ ఆగకండి. గీతలు ఉండి మబ్బు లేకపోయినా గాలం వేసి చూడొచ్చు.

ఉత్తరాన ఒక పద్ధతి, దక్షిణాన ఇంకొకటి

పటంలో ఒకే సరస్సు అయినా వేటకు ఇది రెండు సరస్సులు. నదులు తెచ్చే ఒండ్రు, పోషకాలు ఎగువ భాగంలోనే దిగిపోతాయి. అందుకే బుల్‌ఫ్రాగ్ రేవుకు ఎగువన, గుడ్ హోప్ బే నుంచి హైట్ వైపు, అలాగే శాన్ హువాన్ నది వచ్చి కలిసే పాయలో షాడ్ ఎక్కువ. అక్కడ స్ట్రైపర్లు మందను పైకి తరిమి నీళ్లు మరిగినట్టు గలాటా చేస్తాయి. దాన్నే బాయిల్ అంటారు. డ్యామ్ దగ్గరి వావీప్, పాడ్రే బే వైపు నీళ్లు తేటగా ఉంటాయి, మేత తక్కువ. అక్కడ ఆకలిగా ఉన్న స్ట్రైపర్లు కొండగోడల పక్కన లోతులో దొరుకుతాయి, అందుకు ఎర కావాలి. వావీప్‌లో పడవ దింపి రోజంతా బాయిల్ కోసం తిరగడం పెట్రోలు దండగ.

బాయిల్ పట్టాలంటే తెల్లవారేసరికి నీళ్ల మీద ఉండాలి. పడవ ఆపి, ఇంజన్ కట్టేసి, ముందు చెవులతో వెతకండి. గాలి లేని పొద్దున లోయలో ఆ చప్పుడు దూరానికి వినిపిస్తుంది. కనిపించగానే చేసే పెద్ద తప్పు, ఇంజన్‌తో దాని మీదికే దూసుకుపోవడం. మంద మునిగిపోతుంది, చుట్టుపక్కల ఉన్న పడవలవాళ్లకూ పోతుంది. అది ఏ వైపు జరుగుతోందో చూసి, పక్కనుంచి చుట్టి ముందుకు వెళ్లి, 40, 50 గజాల దూరంలో ఇంజన్ ఆపేయండి. ఎర మందకు అవతల పడి, అంచు వెంట తిరిగి రావాలి.

దీనికి ఏడడుగుల మీడియం రాడ్, 10 పౌండ్ల లాగుడు తట్టుకునే లైన్ చాలు. నీటిపైన అటూ ఇటూ ఊగుతూ వచ్చే నాలుగంగుళాల లూర్ (చేప ఆకారపు ఉత్తుత్తి ఎర), జారా స్పూక్ లాంటిది, ఒక రాడ్‌కు కట్టి ఉంచండి. రెండో రాడ్‌కు అర ఔన్సు నుంచి ఒక ఔన్సు బరువున్న కాస్ట్‌మాస్టర్ లాంటి స్పూన్ (మెరిసే లోహపు ఎర) ముందే కట్టి పెట్టుకోండి. నాలుగు నిమిషాల బాయిల్‌లో ముడి వేసుకుంటూ కూర్చుంటే ఏమీ మిగలదు. బాయిల్ ఆగిపోగానే స్పూన్‌ను అక్కడే నిలువుగా వదిలేయండి. చేప ఎక్కడికీ పోలేదు, 20 నుంచి 40 అడుగుల కింద ఉంటుంది. మందలో ఒకటి తగిలినప్పుడు దాన్ని వెంటనే పైకి లాగకుండా పడవ పక్కన నీళ్లలోనే కాసేపు ఉంచండి, మిగతావి దాని వెంట వస్తాయి. రెండోవాళ్లు ఈలోపు తమ గాలం దింపాలి.

కొన్ని పొద్దుల్లో నీళ్లు ఎగసిపడవు. ముక్కులు మాత్రం పైకి తేలి, మూడు నుంచి ఆరేడు చేపలు వరుసగా నెమ్మదిగా జరుగుతూ సద్దు చేస్తూ తింటుంటాయి. అవి అంగుళం కూడా లేని షాడ్ పిల్లల్ని తింటున్నాయి. అప్పుడు నాలుగంగుళాల లూర్ వేస్తే దాని వైపు కూడా చూడవు. లూర్‌కు వెనక అడుగున్నర దూరంలో చిన్న తెల్ల ఈక గాలం కట్టి, అవి జరుగుతున్న దారికి ముందు వేసి, అవి దగ్గరికి వచ్చాక కదపండి.

కొండగోడ పక్కన ఆంచొవీ

దక్షిణ భాగంలో ఎర అంటే గడ్డకట్టిన ఆంచొవీ, ఒక చిన్న సముద్రపు చేప. ఇద్దరికి ఒక పూటకు రెండు మూడు పౌండ్లు పడతాయి. ఇవి కరిగితే మెత్తబడి ముల్లు మీద నిలవవు, దించేలోపే ఊడిపోతాయి. ఐస్ పెట్టెలోంచి కొద్దికొద్దిగా తీసుకోండి. కరిగినవాటికి రాతి ఉప్పు పట్టిస్తే గట్టిపడతాయి. ఒక్కో ఆంచొవీని మూడు ముక్కలు చేసి, ముక్క మధ్యలోంచి ముల్లు దూర్చి వెన్నెముక పక్కగా బయటికి తీయాలి. పావు నుంచి అర ఔన్సు జిగ్ హెడ్ (సీసం గుండు అతికించిన ముల్లు), 8 నుంచి 10 పౌండ్ల ఫ్లోరోకార్బన్ లైన్. తేట నీళ్లలో ఇంతకన్నా లావు లైన్ కట్టకండి, చేపకు కనిపిస్తుంది.

చోటు ఎంచుకునేటప్పుడు కాన్యన్ మలుపు దగ్గర నిలువు గోడ, దాని కింద 50 నుంచి 100 అడుగుల నీళ్లు, పొద్దున నీడ పడే వైపు చూడండి. ఇలాంటి చోట లంగరు పట్టదు, నున్నటి రాయి మీద జారిపోతుంది. పడవకు ట్రోలింగ్ మోటారు (మెల్లగా నడిపే చిన్న కరెంటు మోటారు) ఉంటే దానితో నిలపండి, లేకపోతే ఒడ్డు రాతికి తాడు కట్టండి.

తర్వాత ఒక ఆంచొవీని చిన్న ముక్కలుగా కోసి నీళ్లలో చల్లండి. ఇలా మేత చల్లడం యూటాలో మామూలుగా నిషేధం. లేక్ పవెల్‌లో స్ట్రైపర్ల కోసం చచ్చిన ఆంచొవీతో మాత్రం చల్లొచ్చు. బతికున్న చేపను ఎరగా వాడటం కుదరదు. గుప్పెళ్లకొద్దీ చల్లితే చేప ఆ ముక్కలు తిని పోతుంది. రెండు మూడు నిమిషాలకు ఒకసారి నాలుగైదు ముక్కలు, ఆగకుండా.

ఇక లోతు. రీల్ దగ్గర లైన్ పట్టుకుని రాడ్ మొదటి రింగు దాకా లాగితే సుమారు రెండు అడుగులు. 40 అడుగులకు ఇరవై సార్లు లాగాలి. పడవలో నలుగురుంటే నలుగురూ ఒకే లోతులో వేయకండి. ఒకరు 25, ఒకరు 40, ఒకరు 55, ఇంకొకరు అడుగు దాకా. ఎవరికి తగిలిందో చూసి మిగతావాళ్లు అక్కడికి మారాలి. జిగ్ దిగుతుండగానే చేప అందుకోవడం ఎక్కువ, అప్పుడు చేతికి తగిలే దెబ్బేమీ ఉండదు. బిగువుగా దిగుతున్న లైన్ మధ్యలో వదులైపోతుంది, అంతే. వదులైందంటే వెంటనే చుట్టి లాగండి. అడుగు తగిలిందేమో అనుకుని ఆగితే ఎర పోయినట్టే.

ఇరవై నిమిషాల్లో ఒక్కటీ తాకకపోతే గోడ మారండి. తాకిన చోటును వదలకండి. ఒకటి పడ్డాక అరగంట ఆగితే కింద గుంపు చేరుతుంది.

పడవ లేనివాళ్లకు కూడా ఇదే పద్ధతి పనికొస్తుంది. డ్యామ్‌కు దగ్గర్లో చెయిన్స్ అనే చోట ఒడ్డు నుంచే లోతైన నీళ్లు అందుతాయి. రాయి నున్నగా, ఏటవాలుగా ఉంటుంది, పిల్లల్ని అంచుకు పోనివ్వొద్దు. లోన్ రాక్ ఒడ్డు ఇసుక నేల. అక్కడ పొద్దుగుంకాక మీసాల చేప, ఛానల్ క్యాట్‌ఫిష్, ఒడ్డు దగ్గరికి వస్తుంది. పది, పదిహేను అడుగుల నీళ్లలో అడుగున ఆంచొవీ ముక్క పెట్టి కూర్చుంటే చాలు. పిల్లలకు గాలం నేర్పడానికి ఇంతకన్నా మంచి వేట లేదు.

స్మాల్‌మౌత్ బాస్

స్ట్రైపర్ దొరకని రోజు కూడా ఇది దొరుకుతుంది. కూలిన రాళ్ల కుప్పలు, నీళ్లలోకి సాగిన రాతి ముక్కులు దీని నివాసం. తెల్లవారుజామున ఐదడుగుల లోపు నీళ్లలో ఉంటుంది, ఎండెక్కాక 15 నుంచి 25 అడుగులకు దిగుతుంది. మూడంగుళాల ఆకుపచ్చ ప్లాస్టిక్ గ్రబ్ (పురుగు ఆకారపు మెత్తని ఎర), పావు ఔన్సు జిగ్ హెడ్, 6 నుంచి 8 పౌండ్ల లైన్. అడుగుకు తగిలే దాకా దించి, రాతి మెట్టు మీద నుంచి కింది మెట్టు మీదకు మెల్లగా జారనివ్వాలి. రాళ్లకు రాసుకుని చివరి రెండడుగుల లైన్ గరుకుగా అవుతుంది. వేళ్ల మధ్య లాగి చూసి, గీత తగిలితే కోసేసి ముడి మళ్లీ వేయండి. పెద్ద చేప తెంచుకుపోయిందని చెప్పే కథల్లో సగం ఈ రాపిడి వల్లే.

డ్యామ్ దాటి కిందికి పోయిన స్మాల్‌మౌత్ పిల్లలు 2022లో గ్లెన్ కాన్యన్ దిగువ నదిలో కనిపించాయి. అక్కడున్న హంప్‌బ్యాక్ చబ్ లాంటి స్థానిక చేపలకు అది ముప్పు. కాబట్టి పవెల్‌లో పట్టిన స్మాల్‌మౌత్‌ను ఇంటికి తీసుకెళ్లడానికి మొహమాటపడక్కర్లేదు, చట్టం పెట్టిన హద్దు లోపల. అదే రేజర్‌బ్యాక్ సక్కర్ పడితే, తల వెనక వీపు కత్తి అంచులా పైకి లేచి ఉంటుంది, వెంటనే నీళ్లలో వదిలేయాలి. అది రక్షణలో ఉన్న జాతి.

లైసెన్సు యూటాది ఉన్నా అరిజోనాది ఉన్నా సరస్సు మొత్తం చెల్లుతుంది. అరిజోనాలో పదేళ్లు, యూటాలో పన్నెండేళ్లు నిండినవాళ్లకు అది కావాలి. స్ట్రైపర్‌కు సంఖ్యా పరిమితి లేదు, మిగతావాటిలో చాలా చేపలకు ఉంది. ఆ ఏటి నిబంధనలు చూసుకునే బయలుదేరండి.

వాన, గాలి, గడియారం

ఎడారి కదా అని వానను లెక్కచేయకపోవడం ప్రాణాల మీదికి తెస్తుంది. నైరుతి అమెరికాకూ మాన్సూన్ ఉంది, లెక్క ప్రకారం సెప్టెంబర్ 30 దాకా. 1997 ఆగస్టులో పేజ్ పక్కన యాంటెలోప్ కాన్యన్‌లో హఠాత్తు వరదకు 11 మంది కొట్టుకుపోయారు. వాన పడింది మైళ్ల దూరంలో, లోయలో ఉన్నవాళ్లకు దాని తీవ్రత తెలియలేదు. కాబట్టి మీ నెత్తిన ఆకాశం నీలంగా ఉన్నా ఎగువ దిక్కున నల్లమబ్బు కనిపిస్తే ఇరుకు పాయల్లోంచి బయటికి వచ్చేయండి, అక్కడ రాత్రి మకాం వేయకండి. వరద దాటిన మర్నాడు మాత్రం ఆ పాయ మొగ దగ్గరికి వెళ్లి చూడండి. బురద నీరు, తేట నీరు కలిసే గీత వెంట షాడ్, దాని వెంట బాస్ చేరతాయి. కొట్టుకొచ్చిన దుంగలుంటాయి, పడవ మెల్లగా నడపాలి.

గాలి మధ్యాహ్నం లేస్తుంది. పాడ్రే బే లాంటి వెడల్పు చోట అలలు పెద్దవి. ఇరుకు చోట ఇంకో తంటా: అల గోడకు కొట్టుకుని వెనక్కి తిరిగి, వచ్చే అలతో కలిసి నీళ్లు ఎటుపడితే అటు ఎగురుతాయి. చిన్న పడవవాళ్లు పదకొండు లోపు వెనక్కి మళ్లడం మంచిది. వావీప్, యాంటెలోప్ పాయింట్ దాటితే బుల్‌ఫ్రాగ్, హాల్స్ క్రాసింగ్ దాకా పెట్రోలు లేదు, అది 90 మైళ్లకు పైమాట. మధ్యలో ఉండిన డాంగ్లింగ్ రోప్ మెరీనా మట్టం పడిపోయాక మూతపడింది. ట్యాంకులో మూడో వంతు పోవడానికి, మూడో వంతు రావడానికి, మిగతాది ముట్టుకోకుండా. ఫోన్ సిగ్నల్ చాలా లోయల్లో అందదు, వీహెచ్‌ఎఫ్ రేడియో ఉంటే సాయానికి 16వ ఛానల్. 13 ఏళ్ల లోపు పిల్లలు పడవ నడుస్తున్నంతసేపూ లైఫ్ జాకెట్ వేసుకునే ఉండాలి.

ఇంకొకటి. యూటా గడియారం వేసవిలో గంట ముందుకు జరుగుతుంది, అరిజోనాది జరగదు. సరిహద్దులో ఫోన్ ఏ టవర్‌ను పట్టుకుంటే ఆ టైము చూపిస్తుంది. పేజ్‌లో సెప్టెంబర్ నడుమ పొద్దుపొడిచేది అరిజోనా గడియారం ప్రకారం ఆరుంపావుకు కాస్త ముందు. బాయిల్ మొదటి అరగంటలోనే ఉండొచ్చు, అలారం తప్పితే ఆ పొద్దు పోయినట్టే. చేతి గడియారాన్ని అరిజోనా టైముకు పెట్టి దాన్నే నమ్మండి.

పట్టిన చేప

లోతులోంచి వేడి పైపొర గుండా లాగిన స్ట్రైపర్ వదిలినా బతకడం అరుదు. చిన్నదని వదిలేసి పెద్దదాని కోసం చూడొద్దు. తినగలిగినన్ని పట్టి ఆపేయండి. పట్టగానే మొప్పల దగ్గర కోసి నెత్తురు పోనిచ్చి వెంటనే ఐసులో పెట్టాలి, చేపల బరువుకు సమానంగా ఐస్. తాడుకు కట్టి వెచ్చని నీళ్లలో వేలాడదీస్తే గంటకే మెత్తబడుతుంది.

ముక్కలు కోసేటప్పుడు పక్క గీత వెంట చర్మం కింద ముదురు ఎర్ర కండ ఉంటుంది. నీచు వాసనంతా అందులోనే. దాన్ని చెక్కేస్తే మిగిలిన తెల్ల కండ గట్టిగా ఉంటుంది. వేపుడుకు బ్రహ్మాండం, పులుసులోనూ విడిపోదు. డ్యామ్ నుంచి డాంగ్లింగ్ రోప్ దాకా పట్టిన స్ట్రైపర్లలో పాదరసం ఉందని 2012లో హెచ్చరిక ఇచ్చారు. వయసు మళ్లిన పెద్ద చేపలో అది ఎక్కువ చేరుతుంది. గర్భిణులకు, పిల్లలకు నెలకు ఎంత తినొచ్చో ఆ సూచనల్లో ఉంటుంది, చూసుకుని వండండి.

పడవ బయటికి తీశాక

2013 నుంచి ఈ సరస్సులో క్వాగా గుల్లలు బతుకుతున్నాయి. కంటికి ఆనని వాటి పిల్లలు పడవ అడుగున మిగిలిన చెంచాడు నీళ్లలో ఇంకో సరస్సుకు చేరి అక్కడి గొట్టాలన్నీ మూసేస్తాయి. అందుకే ర్యాంపు ఎక్కగానే డ్రెయిన్ ప్లగ్గులన్నీ ఊడదీసి, చేపల తొట్టి, ఐస్ పెట్టె, ఎర డబ్బా వంచేసి, ఇంజన్‌ను నిలువుగా దించి నీరు కారనివ్వాలి. ప్లగ్గులు తీసి ఉంచే ప్రయాణం చేయాలి, ఇది చట్టం. లంగరు తాడు, ట్రైలర్ సందులు చేత్తో తడిమి చూడండి, గుల్ల పట్టి ఉంటే గరుకు ఇసుకలా తగులుతుంది. యూటాలో ఇంకో సరస్సులో దించే ముందు పడవను ఆరబెట్టాల్సిన గడువు జూన్ నుంచి ఆగస్టు దాకా 7 రోజులు, సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా 18 రోజులు. లేబర్ డే వారాంతంలో ఆగస్టు లెక్క వేసుకుని వచ్చేవాళ్లు ఇక్కడే దొరికిపోతారు. అంతవరకు ఆగలేకపోతే బాగా వేడి నీళ్లతో కడిగే కేంద్రానికి తీసుకెళ్లి, చీటీ రాయించుకోండి.